సంధ్యను గుర్తించే కన్ను

ఉద్దేశం

నిత్యజీవితంలో కనిపించే చిన్న పరికరాల వెనుక ఉన్న విజ్ఞానాన్ని విద్యార్థులకు తెలియజేయడం, లోపాన్ని ఊహతో గాక పరీక్షతో నిర్ణయించే పద్ధతిని పరిచయం చేయడం, చేతిపనిలోని జాగరూకతను, బాధ్యతను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. శాస్త్ర విషయాన్ని సరళంగా, క్రమపద్ధతిలో వివరించే వ్యాసాన్ని వైజ్ఞానిక వ్యాసం అంటారు. ఒక వసతి గృహం ముంగిట దీపస్తంభంపై చెడిపోయిన కాంతి సెన్సరును మార్చిన సందర్భాన్ని ఆధారంగా చేసుకొని ఆ పరికరం చరిత్రను, పనిచేసే తీరును, దానిని మార్చేటప్పుడు పాటించవలసిన నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

పొద్దు గుంకే వేళ దీపం పెట్టడం తెలుగు ఇంట తరతరాల ఆచారం. సంధ్యవేళ ఇల్లు చీకటిగా ఉండరాదని పెద్దలు అంటారు. వీధి దీపాలకూ ఒకప్పుడు ఇటువంటి నియమమే ఉండేది. విద్యుత్తు లేని రోజులలో దీపాలు వెలిగించే మనిషి భుజాన నిచ్చెన, చేత కిరసనాయిలు డబ్బా పట్టుకొని స్తంభం నుండి స్తంభానికి నడిచేవాడు. గాజు పలకలకు పట్టిన మసి తుడిచి, వత్తి సరిచేసి, వెలిగించి ముందుకు సాగేవాడు. విద్యుత్తు వచ్చిన తరువాత నిచ్చెన పోయి మీట వచ్చింది. అయినా ఆ మీటను నొక్కడానికి ఒక మనిషి కావలసిందే. సాయంకాలం అతడు మరచిపోతే వీధి చీకటి, ఉదయం మరచిపోతే పట్టపగలు దీపం. ఈ మరపు నుండి దీపాన్ని విడిపించిన పరికరమే కాంతి సెన్సరు. అది వెలుతురును గమనించి, సంధ్య వేళకు తానే దీపాన్ని వెలిగిస్తుంది. తెల్లవారగానే తానే ఆర్పుతుంది. అరచేతిలో ఇమిడే ఈ వస్తువు సక్రమంగా పనిచేస్తున్నంత కాలం దాని ఉనికి ఎవరికీ తెలియదు. అది చెడినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

ఒక మండల కేంద్రంలో జూనియర్ కళాశాల బాలికల వసతి గృహం ఉంది. దాని గేటు దగ్గర పన్నెండు అడుగుల ఇనుప స్తంభం, దానిపై 60 వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఉన్నాయి. బస్సు దిగిన విద్యార్థినులు పొలాల పక్కగా ఉన్న బాటలో నడిచి ఆ వెలుగును చూసుకొంటూ గేటు చేరుతారు. ఆ దీపం మొదట కొంతకాలం తెల్లవారుజామున సరిగా ఆరేది. తరువాత ఉదయం ఎనిమిది గంటల వరకు, ఆపైన పది గంటల వరకు వెలుగుతూ ఉండేది. చివరకు రాత్రింబవళ్లు వెలగసాగింది. పగలు దీపం వెలిగితే ఎవరికీ ఇబ్బంది లేదు కనుక ఎవరూ దానిని పట్టించుకోలేదు. వానలు మొదలైన వారంలో ఒకనాటి సాయంకాలం అది అసలు వెలగలేదు. చీకటిలో గేటు దగ్గరకు వస్తూ ఒక విద్యార్థిని కాలువ గట్టుపై జారిపడి మణికట్టు బెణికించుకొన్నది. అప్పుడు అందరూ స్తంభం వైపు తలెత్తి చూశారు. ఆ దీపం రెండు నెలలుగా తన లోపాన్ని తానే చెప్పుకొంటున్నదని, చూసే వారే లేకపోయారని వార్డెన్‌కు ఆనాడు తోచింది.

వెలుతురును బట్టి దీపాన్ని నడపాలన్న ఆలోచన నేటిది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో స్వీడన్ దేశానికి చెందిన గుస్తాఫ్ డాలెన్ అనే ఇంజనీరు సముద్ర తీరాలలోని దీపస్తంభాల కోసం 'సూర్య కవాటం' అనే పరికరాన్ని రూపొందించాడు. ఆనాటి దీపస్తంభాలలో ఎసిటిలీన్ వాయువును మండించేవారు. జనసంచారం లేని దీవులలో, రాళ్ల గుట్టలపై ఉన్న దీపాలను ప్రతి సాయంకాలం వెలిగించి, ప్రతి ఉదయం ఆర్పడం కష్టసాధ్యమైన పని. డాలెన్ తన పరికరంలో నల్లని పూత గల ఒక లోహపు కడ్డీని, దాని చుట్టూ మెరుగు పెట్టిన మూడు కడ్డీలను అమర్చాడు. నల్లని వస్తువు వెలుతురును ఎక్కువగా గ్రహించి ఎక్కువగా వేడెక్కుతుంది. మెరిసే వస్తువు వెలుతురును పరావర్తనం చేస్తుంది. పగటి వెలుగులో నల్ల కడ్డీ మిగిలిన వాటికంటె ఎక్కువగా వ్యాకోచించి వాయువు మార్గాన్ని మూసేది. చీకటి పడితే సంకోచించి మార్గాన్ని తెరిచేది. విద్యుత్తు ప్రమేయం లేకుండా, మనిషి చేయి పడకుండా దీపం తన సమయాన్ని తానే తెలుసుకొన్నది.

దీపస్తంభాలకు, సముద్రంపై తేలే దీపాలకు డాలెన్ రూపొందించిన స్వయంచాలక నియంత్రకాలకు గాను 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అదే సంవత్సరం ఎసిటిలీన్ నిల్వ పాత్రలపై పరీక్షలు జరుపుతుండగా పేలుడు సంభవించి ఆయన కంటిచూపు పూర్తిగా పోయింది. బహుమతిని అందుకోవడానికి ఆయన వెళ్లలేకపోయాడు. నేత్రవైద్యుడైన ఆయన సోదరుడు ఆ బహుమతిని స్వీకరించాడు. వేలాది నావికులకు రాత్రివేళ దారి చూపిన మనిషి తాను వెలుగును చూడలేని స్థితిలో మిగిలిపోయినా, 1937లో మరణించే వరకు తన సంస్థను నడుపుతూ పరిశోధనలు కొనసాగించాడు.

కాంతికి, విద్యుత్తుకు గల మరొక సంబంధం అంతకు ముందే బయటపడింది. 1873లో ఇంగ్లండుకు చెందిన విలోబీ స్మిత్ అనే విద్యుత్ ఇంజనీరు సముద్రగర్భంలో పరిచే టెలిగ్రాఫ్ తీగలను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలను ఉపయోగించాడు. అధిక నిరోధం గల పదార్థం ఆయనకు కావలసి ఉండెను. కాని ఆ కడ్డీల నిరోధం స్థిరంగా ఉండక మారుతూ వచ్చింది. కారణం వెదకగా, వెలుతురు పడినప్పుడు నిరోధం తగ్గుతున్నదని, చీకటిలో పెరుగుతున్నదని తేలింది. పరీక్షకు అడ్డంకిగా కనిపించిన గుణమే కొత్త విజ్ఞానానికి ద్వారం తెరిచింది.

వీధి దీపాల సెన్సర్లలో చాలా కాలంగా వాడుతున్న పదార్థం కాడ్మియం సల్ఫైడ్. సన్నని పాము మెలికల వంటి గీతతో కనిపించే చిన్న బిళ్లపై ఇది పూతగా ఉంటుంది. చీకటిలో దాని నిరోధం లక్షల ఓములలో ఉంటుంది. మంచి వెలుతురులో కొన్ని వందల లేదా కొన్ని వేల ఓములకు పడిపోతుంది. వెలుతురు శక్తి పదార్థంలోని ఎలక్ట్రాన్లను బంధాల నుండి విడిపించడం ఇందుకు కారణం. స్వేచ్ఛ పొందిన ఎలక్ట్రాన్లు పెరిగినకొద్దీ విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది.

ఈ గుణాన్ని దీపాన్ని ఆర్పే పనికి మలచిన తీరు గమనింపదగినది. ఒక రకం సెన్సరులో కాడ్మియం సల్ఫైడ్ బిళ్లతో వరుసగా చిన్న తాపకం ఉంటుంది. దాని పక్కన రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన ద్విలోహ పలక ఉంటుంది. తెల్లవారినప్పుడు బిళ్ల నిరోధం తగ్గి తాపకం గుండా కరెంటు ప్రవహిస్తుంది. ఆ వేడికి ద్విలోహ పలక వంగి స్పర్శకాలను విడదీస్తుంది. దీపం ఆరుతుంది. చీకటి పడినప్పుడు కరెంటు తగ్గి పలక చల్లబడుతుంది. స్పర్శకాలు కలిసి దీపం వెలుగుతుంది. పలక వేడెక్కడానికి, చల్లబడడానికి కొంత సమయం పడుతుంది. ఈ ఆలస్యం లోపం కాదు, ఉపకారమే. మెరుపు మెరిసినా, వాహనం దీపపు వెలుగు క్షణకాలం సోకినా దీపం ఆరిపోకుండా అది కాపాడుతుంది. ఇటీవలి సెన్సర్లలో సిలికాన్‌తో చేసిన కాంతి గ్రాహకాలు, చిన్న రిలేలు ఈ పనినే చేస్తున్నాయి.

మండు వేసవి మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సుల వెలుతురునిస్తుంది. సెన్సర్లు సాధారణంగా పది, ఇరవై లక్సుల ప్రాంతంలో దీపాన్ని వెలిగిస్తాయి. పున్నమి వెన్నెల ఒక లక్సుకు కూడా చేరదు. కనుక నిండు పున్నమి నాడు కూడా సెన్సరు పగలని భ్రమపడదు. వెలిగించే స్థాయికి, ఆర్పే స్థాయికి మధ్య కొంత అంతరం ఉంచుతారు. ఆ అంతరం లేకపోతే మబ్బు కదిలినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది.

మరొక విశేషం ఉంది. పైన చెప్పిన రకం సెన్సరులో కాంతిని గుర్తించే బిళ్ల తెగిపోతే తాపకం వేడెక్కదు. స్పర్శకాలు కలిసే ఉంటాయి. దీపం రాత్రింబవళ్లు వెలుగుతుంది. చెడినప్పుడు కూడా చీకటి మిగల్చకుండా ఉండేలా నిర్మాతలు చేసిన ఏర్పాటు ఇది. పట్టపగలు వెలిగే వీధి దీపం కేవలం నిర్లక్ష్యానికి గుర్తు కాదు. మరమ్మతు చేయమని అది పంపే విన్నపం. ఆ విన్నపాన్ని వినకపోతే కలిగే నష్టాన్ని లెక్కించవచ్చు. 60 వాట్ల దీపం పగలు పన్నెండు గంటలు వృథాగా వెలిగితే రోజుకు 0.72 యూనిట్లు, నెలకు 21.6 యూనిట్లు ఖర్చవుతాయి. అంతేకాక, 50,000 గంటలు మన్నేలా తయారైన దీపం రోజుకు పన్నెండు గంటల చొప్పున పదకొండేళ్లకు పైగా వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ వెలిగితే ఆరేళ్లు కూడా రాదు.

వసతి గృహం వారు పిలిపించిన ఎలక్ట్రీషియన్ మరునాటి ఉదయం వచ్చాడు. ఆయన వెంట పని నేర్చుకొంటున్న మేనల్లుడు ఉన్నాడు. కొత్త సెన్సరును ముందుగానే కొని ఉంచామని వార్డెన్ చెప్పారు. "మంచిదేనమ్మా. అయితే చెడినది సెన్సరేనని ముందు తేలాలి" అని ఆయన పని ప్రారంభించాడు.

దీపం వెలగకపోవడానికి నాలుగు కారణాలు ఉండవచ్చు. సరఫరా రాకపోవచ్చు, తీగల అతుకు ఊడిపోవచ్చు, దీపమే చెడిపోవచ్చు, సెన్సరు పనిచేయకపోవచ్చు. వీటిలో ఏది నిజమో తెలియకుండా వస్తువును మార్చితే డబ్బు, శ్రమ వృథా అవుతాయి. అసలు లోపం అలాగే మిగిలి ఉంటుంది. స్తంభం మొదట్లో మోకాలి ఎత్తున ఉన్న జంక్షన్ పెట్టెలో తీగలన్నీ కలుస్తాయి. ఆయన మల్టీమీటరుతో ఫేజు, న్యూట్రల్ తీగల మధ్య కొలిచాడు. 230 వోల్టులకు దగ్గరగా చూపింది. సరఫరా సక్రమంగానే ఉన్నదని తేలింది. వెదురు కర్ర చివర నల్లగుడ్డ సంచి కట్టించి, పైనున్న సెన్సరును దానితో పూర్తిగా కప్పించాడు. రెండు నిమిషాలు దాటినా సెన్సరు నుండి దీపానికి వెళ్లే తీగలో వోల్టేజి రాలేదు. అనంతరం సరఫరా నిలిపి, ఆ తీగను సెన్సరు నుండి విడదీసి నేరుగా ఫేజుతో కలిపి, పెట్టె మూసి, మళ్లీ సరఫరా ఇప్పించాడు. దీపం వెంటనే వెలిగింది. దీపం, తీగలు నిర్దోషులు, దోషం సెన్సరుదే. మూడు పరీక్షలలో నాలుగు అనుమానాలు ఒకటిగా తగ్గాయి.

కొన్ని సందర్భాలలో సెన్సరు చెడకుండానే చెడినట్లు కనిపిస్తుంది. దానిపై దుమ్ము, పక్షి రెట్ట పేరుకొన్నా, కొమ్మ నీడ పడినా అది పగటిని చీకటిగా భావిస్తుంది. ఎదుటి దుకాణపు వెలుగు దానిపై పడితే రాత్రిని పగలనుకొంటుంది. తన దీపపు వెలుగే తన మీద పడేలా అమర్చితే మరీ వింతైన స్థితి ఏర్పడుతుంది. దీపం వెలగగానే సెన్సరు తెల్లవారిందని ఆర్పుతుంది. ఆరగానే చీకటి పడిందని వెలిగిస్తుంది. రాత్రంతా ఇదే ఆట సాగుతుంది. అటువంటప్పుడు కొత్త సెన్సరు కొనవలసిన పని లేదు. తుడిస్తే, కొమ్మ నరికితే, దిశ మార్చితే చాలు.

ఇక సెన్సరును విప్పాలి. వెలుగుతున్న దీపం సరఫరాను ఆపి, పరీక్ష కోసం కలిపిన తీగను ఆయన మళ్లీ విడదీశాడు. దీపం ఆరే ఉన్నది. మధ్యలో వేరే గదికి కరెంటు కావాలని ఎవరో అడగగా మేనల్లుడు ఆ మీటను తిరిగి వేసి వచ్చాడు. "దీపం వెలగడం లేదు కదా మామా, విప్పేద్దామా?" అని స్క్రూడ్రైవరు అందుకొన్నాడు. ఎలక్ట్రీషియన్ అతని చేయి పట్టి ఆపాడు. "ఒరేయ్, దీపం ఆరింది కాని ఫేజు ఆరలేదురా" అన్నాడు.

ఈ ఒక్క మాటలో విద్యుత్ పనికి సంబంధించిన ప్రథమ నియమం ఉంది. సెన్సరు దీపానికి వెళ్లే తీగను మాత్రమే తెంచుతుంది. దానికి వచ్చే ఫేజు తీగలో పగలు, రాత్రి కూడా విద్యుత్తు ఉంటుంది. 60 వాట్ల దీపం 230 వోల్టుల వద్ద తీసుకొనే కరెంటు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు. మనుషుల ప్రాణరక్షణకై ఇళ్లలో అమర్చే ఆర్.సి.సి.బి. అనే పరికరం 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు భూమిలోకి కారగానే సరఫరాను తెంచేలా తయారవుతుంది. చిన్న దీపానికి చాలిన కరెంటులో తొమ్మిదో వంతే మనిషికి అపాయకరమైన హద్దు అన్నమాట. పైగా వాన నీరు నిలిచిన నేలపై నిలబడి, ఇనుప స్తంభాన్ని పట్టుకొన్న మనిషి దేహం విద్యుత్తుకు సులభమైన మార్గం అవుతుంది.

ఎలక్ట్రీషియన్ మీటను తానే స్వయంగా వెళ్లి తీశాడు. దానిపై 'పని జరుగుతున్నది - స్విచ్ వేయరాదు' అన్న అట్టను కట్టి, అక్కడ వాచ్‌మన్‌ను నిలబెట్టాడు. తరువాత టెస్టరును ముందుగా కరెంటు ఉన్నదని తెలిసిన చోట పెట్టి అది వెలుగుతున్నదని చూశాడు. ఆపైన జంక్షన్ పెట్టెలోని ప్రతి తీగనూ తాకి చూసి, మళ్లీ మొదటి చోట పరీక్షించాడు. మధ్యలో టెస్టరు చెడిపోతే కరెంటు ఉన్న తీగ కూడా లేనట్లే కనిపిస్తుంది. అందుకే ఈ మూడు దశల పరీక్ష అవసరం.

నిచ్చెన వెదురుది. స్తంభానికి ఆనించిన ఎత్తులో నాలుగో వంతు దూరంలో దాని అడుగు భాగాన్ని నిలిపి, మేనల్లుడు గట్టిగా పట్టుకోగా ఆయన పైకెక్కి పాత సెన్సరును దించాడు. ఎండకు దాని ప్లాస్టిక్ మూత పసుపు పచ్చగా మారి, మసకబారి, అంచున పగిలి ఉన్నది. ముసలి కంటికి శుక్లం కమ్మినట్లు ఆ మూత క్రమంగా మసకబారడం వల్లనే సెన్సరుకు తెల్లవారడం రోజురోజుకూ ఆలస్యమైంది. చివరకు పగలే కనిపించకుండా పోయింది. వానలు పడగానే పగులు గుండా నీరు లోపలికి చేరింది. స్పర్శకాలు తుప్పు పట్టి, మాడి, విడిపోయాయి. మొదటి దశలో కొద్దిపాటి ఖర్చుతో ముగిసే పని చివరి దశలో ఒక విద్యార్థినికి గాయమయ్యే వరకు వచ్చింది.

కొత్త సెన్సరుకు నలుపు, తెలుపు, ఎరుపు రంగుల తీగలు మూడు ఉన్నాయి. జంక్షన్ పెట్టెలోకి వచ్చే పాత తీగలు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులవి. "ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపాలి కదా మామా?" అని మేనల్లుడు అడిగాడు. చూడడానికి సహజంగా తోచే ఈ ఆలోచనలోనే పెద్ద ప్రమాదం దాగి ఉంది. మన దేశంలోని పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తింగు. కాని ఆ సెన్సరుపై ముద్రించిన పటం ప్రకారం నలుపు తీగ ఫేజు వచ్చే మార్గం, ఎరుపు తీగ దీపానికి వెళ్లే మార్గం, తెలుపు న్యూట్రల్. సెన్సరులోని స్పర్శకాలు దాని నలుపు, ఎరుపు తీగల మధ్యనే ఉంటాయి. రంగులను చూసి కలిపితే స్పర్శకాలు మూసుకొన్న క్షణంలో ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రంగు ఒక సంకేతం మాత్రమే. ఆ సంకేతానికి అర్థం ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. కనుక కంటికి కనిపించే పోలికను గాక, పరికరంపై ఉన్న పటాన్ని నమ్మాలి.

పటాన్ని ఇద్దరూ చదివారు. వచ్చే ఫేజును సెన్సరు నలుపు తీగకు, సెన్సరు ఎరుపు తీగను దీపం ఫేజు తీగకు కలిపారు. న్యూట్రల్‌ను సెన్సరు తెలుపు తీగకు, దీపానికి కూడా కలిపారు. ఎర్తింగు తీగ సెన్సరుకు చెందినది కాదు. అది స్తంభానికి, దీపపు లోహభాగానికి గట్టిగా బిగిసి ఉండాలి. ఆ మర తుప్పు పట్టి వదులుగా ఉండడం చూసి దానిని గీకి శుభ్రపరచి మళ్లీ బిగించారు. ఫేజు తీగ ఎక్కడైనా స్తంభాన్ని తాకితే, ఆ స్తంభాన్ని ఆనుకొని నిలబడిన వారిని కాపాడే ఏర్పాటులో ఈ మర ఒక ముఖ్యమైన భాగం.

సెన్సరు ముఖాన్ని ఉత్తరం వైపు తిప్పి, దీపపు వెలుగు దానిపై పడకుండా బిగించారు. తూర్పు, పడమర దిక్కులకు అమర్చితే ఉదయపుటెండ, నీరెండ నేరుగా సోకి సమయం తప్పుతుంది. మన ప్రాంతంలో సూర్యుడు ఏడాదిలో అధిక భాగం మధ్యాహ్నవేళ దక్షిణంగా ఉంటాడు కనుక ఉత్తర దిక్కున ఎండ తాకిడి తక్కువ. పరికరం ఎక్కువ కాలం మన్నుతుంది. తీగలు సెన్సరులోకి ప్రవేశించే చోట వాటిని కిందికి వంచి వదిలారు. వాన నీరు ఆ వంపు దగ్గరే జారి పడిపోతుంది.

అట్ట తీసి మీట వేయగానే పట్టపగలు దీపం వెలిగింది. చుట్టూ చేరిన విద్యార్థినులు "మళ్లీ మొదటికే వచ్చింది" అని నవ్వారు. "ఒక్క నిమిషం ఆగండమ్మా, అది ఇప్పుడే కళ్లు తెరుస్తున్నది" అన్నాడు ఎలక్ట్రీషియన్. లోపలి పలక వేడెక్కినంతసేపు వెలిగి, దీపం ఆరిపోయింది. నల్ల సంచి కప్పగా కొద్దిసేపటికి వెలిగింది. తీయగా మళ్లీ ఆరింది. పాత సెన్సరును ఆయన చెత్తకుప్పలో వేయనివ్వలేదు. కాడ్మియం విషలోహం. దానిని కాల్చితే గాలిలోను, పారవేస్తే నేలలోను, నీటిలోను చేరుతుంది. అందుకే ఇటువంటి వస్తువులను ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించే వారికి అప్పగించాలి.

ఈ పని వసతి గృహం ఆవరణలోని సొంత స్తంభానికి సంబంధించినది. రహదారిపై ఉండే స్తంభాలను విద్యుత్ సంస్థ, స్థానిక సంస్థల సిబ్బంది తప్ప ఇతరులు ముట్టరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తరువాత ఆ నగర వీధులలో పాత దీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. 2015 జనవరి 5న జాతీయ వీధి దీపాల కార్యక్రమం ప్రారంభమై దేశంలోని అనేక పట్టణాలకు ఈ మార్పు విస్తరించింది. చాలా చోట్ల వరుస దీపాలన్నింటినీ ఒకే నియంత్రణ పెట్టె వెలిగించి ఆర్పుతుంది. అక్కడ లోపం వస్తే వీధి మొత్తం చీకటి అవుతుంది. దానిని సరిచేయడం పౌరుల పని కాదు. స్తంభంపై ఉన్న సంఖ్యను గుర్తించి సంబంధిత కార్యాలయానికి తెలియజేయడం పౌరుల పని. పగలు వెలిగే దీపాన్ని గురించి చెప్పడం కూడా అందులో భాగమే.

ఆ సాయంకాలం పొద్దు గుంకి, పొలాల మీద మసక కమ్ముకొనే వేళకు గేటు ముందు దీపం తానే వెలిగింది. బస్సు దిగిన విద్యార్థినులు మాట్లాడుకొంటూ దాని కిందుగా నడిచి లోపలికి వెళ్లారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఉదయం వెళ్లేముందు ఎలక్ట్రీషియన్ జంక్షన్ పెట్టె మూత లోపలి వైపు మేనల్లుని చేత తేదీని, తీగల రంగులను, వాటి అర్థాలను పెయింటుతో రాయించాడు. కొన్నేళ్లకు మరొకరెవరో ఆ మూత తెరుస్తారు. వారికి ఏ తీగ ఏదో ఊహించవలసిన అవసరం ఉండదు.

కఠిన పదాలు - అర్థాలు

జాగరూకత = మెలకువ, అప్రమత్తత
కవాటం = తలుపు; ప్రవాహాన్ని అడ్డగించే మూత
వ్యాకోచించు = సాగు, విస్తరించు
సంకోచించు = ముడుచుకొను
పరావర్తనం = తిరిగి మరలడం
నిరోధం = విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకొనే గుణం
తాపకం = వేడిని పుట్టించే భాగం
స్పర్శకాలు = తాకినప్పుడు విద్యుత్ మార్గాన్ని కలిపే లోహపు కొనలు
శుక్లం = కంటికి కమ్మే తెల్లని పొర
నీరెండ = సాయంకాలపు లేత ఎండ

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కాంతి సెన్సరు పనిచేసే విధానాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. లోపం సెన్సరులోనే ఉన్నదని ఎలక్ట్రీషియన్ ఏ క్రమంలో నిర్ధారించాడు? ఆ పద్ధతి ప్రాముఖ్యాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. గుస్తాఫ్ డాలెన్ రూపొందించిన సూర్య కవాటం ఎలా పనిచేసేది?
2. "దీపం ఆరింది కాని ఫేజు ఆరలేదురా" - ఈ వాక్యంలోని అంతరార్థాన్ని తెలపండి.
3. తీగల రంగులను మాత్రమే నమ్మి కలపడం ఎందుకు ప్రమాదకరం?
4. పట్టపగలు వెలిగే వీధి దీపాన్ని విన్నపంగా ఎందుకు భావించాలి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. సెలీనియం నిరోధంపై కాంతి ప్రభావం ఏ సంవత్సరంలో బయటపడింది?
2. డాలెన్‌కు నోబెల్ బహుమతి ఏ శాస్త్రంలో లభించింది?
3. సెన్సరును ఏ దిక్కుకు అభిముఖంగా అమర్చారు?
4. పాత సెన్సరులోని విషలోహం ఏది?

భాషాంశాలు

సంధులు: సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణసంధి); సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం (సవర్ణదీర్ఘ సంధి); అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)

సమాసాలు: దీపస్తంభం = దీపం యొక్క స్తంభం (షష్ఠీ తత్పురుష సమాసం); రాత్రింబవళ్లు = రాత్రియు, పవలును (ద్వంద్వ సమాసం); మూడు కడ్డీలు = మూడైన కడ్డీలు (ద్విగు సమాసం)

అభ్యాసం: మీ వీధిలో పగలు వెలుగుతున్న లేదా రాత్రి వెలగని దీపం గురించి స్థానిక కార్యాలయానికి లేఖ రాయండి.